ఐదు నొక్కితే నాలుగు

లిఫ్టులను నడిపే సాఫ్ట్‌వేర్ రాసే ఆ కంపెనీలో సోమవారం సాయంత్రానికి నలభై మూడు తప్పులుండేవనీ, మంగళవారం మధ్యాహ్నం భోజనాలు ముగిసేసరికి ఒక్కటి కూడా లేకుండా పోయిందనీ పాఠకులకు సవినయంగా తెలియజేస్తున్నాం. ఈ మధ్యలో సాఫ్ట్‌వేర్ జోలికి ఎవరూ పోలేదు.

ఈ ఘనకార్యం అర్థం కావాలంటే ముందు అక్కడి టెస్టర్ గురించి చెప్పుకోవాలి. ఆమె ఉద్యోగం తప్పులు పట్టడం. చుట్టాలందరూ ఉచితంగా చేసే ఈ పనికి జీతం కూడా ఇస్తారని తెలిసి ఆశ్చర్యపోయి, ఆరు నెలల క్రితం చేరిపోయింది. పద్ధతి సులువే. ఒక పట్టిక ఉంటుంది. ఏం చేశామన్నది మొదటి గడిలో, ఏం జరగాలన్నది రెండో గడిలో, నిజంగా ఏం జరిగిందన్నది మూడో గడిలో రాయాలి. రెండో గడికీ మూడో గడికీ పొంతన కుదరకపోతే దాన్ని బగ్ అంటారు. ఇంతకుమించి ఆ శాస్త్రంలో రహస్యమేమీ లేదు, పరీక్షలకు చదివేవాళ్ళు మాత్రం నాలుగు వందల పేజీలు చదువుతారు.

ఆమె పట్టికలో మొదటి వరుస ఇలా ఉంది. ఐదు నొక్కాను. ఐదో అంతస్తుకు వెళ్ళాలి. నాలుగో అంతస్తుకు వెళ్ళింది.

ఆ ఐదో అంతస్తులో ఆమె అమ్మమ్మ ఉంటుంది. కొత్త లిఫ్టును మొదట ఎక్కడ బిగిద్దామా అని కంపెనీ వెతుకుతుంటే, మా అమ్మమ్మ వాళ్ళ భవనంలో పెట్టండని నోరు జారింది ఈమే. పాతది పీకేసి కొత్తది పెట్టి మూడు వారాలైంది. అనుమతి వచ్చేదాకా టెస్టర్ తప్ప ఎవరూ ఎక్కకూడదని తలుపుకు అడ్డంగా ఎర్ర తాడు కట్టారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ ఆ మూడు వారాలూ గడప దాటలేదు. కూరగాయలు మోసుకుంటూ మెట్లెక్కి వచ్చిన మనవరాలితో రోజూ ఒకటే మాట. "మీ లిఫ్టు ఎప్పుడొస్తుందే నా గుమ్మం ముందుకి?" ఆ భవనంలో ఉన్నవి ఐదే అంతస్తులు. ఆరో మీట కూడా ఉంటే అది నొక్కి ఐదుకు చేరేవాళ్ళు. లేదు గనక, ఐదో అంతస్తుకు చేర్చే మీట ఏదీ లేదు.

ప్రోగ్రామర్ కంపెనీలోకెల్లా మేధావి. లెక్క ఎప్పుడూ సున్నా నుంచే మొదలుపెట్టాలన్న నియమం కొద్దీ ప్రతి మీటలోంచీ ఒకటి తీసేశాడు. ఆ భవనంలో నేల అంతస్తుకు ముందే సున్నా అని రాసి ఉందన్న చిన్న విషయం ఆయన దాకా రాలేదు. అందువల్ల సున్నా నొక్కితే లిఫ్టు అంతకంటే కిందికి పోయే దారి తెలియక, తలుపులు బిగించుకుని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడుతుంది. ఇదంతా టెస్టర్ ఓపిగ్గా చెప్పింది.

"నా సిస్టంలో బాగానే వెళ్తోందండీ," అన్నాడు ప్రోగ్రామర్, తెర మీద బొమ్మ లిఫ్టును చూపిస్తూ.

"అయితే మా అమ్మమ్మని మీ సిస్టంలో కాపురం పెట్టమంటారా?"

ఆయన నొచ్చుకుని, తప్పు మళ్ళీ కనిపించలేదని రాసి ఆ ఫిర్యాదును మూసేశాడు. ఆమె మళ్ళీ తెరిచింది. ఆయన మళ్ళీ మూశాడు. ఇలా పదకొండు సార్లు జరిగాక విషయం క్వాలిటీ మేనేజర్ దగ్గరికి వెళ్ళింది.

మేనేజర్ దగ్గర ప్రతి తప్పుకూ రెండు కొలతలుండేవి. ఎంత చెడ్డదన్నది తీవ్రత, ఎంత తొందరగా దిద్దాలన్నది ప్రాధాన్యం. తలుపులు బిగుసుకుని మనిషి లోపల ఉండిపోవడం తీవ్రతలో మొదటిది, ప్రాధాన్యంలో చివరిది, ఎందుకంటే లోపలున్నవాడు బయటికొచ్చి ఫిర్యాదు చేయలేడు. లిఫ్టు లోపలి తెర మీద కంపెనీ గుర్తు కాస్త వెలిసినట్టు కనబడడం తీవ్రతలో చివరిది, ప్రాధాన్యంలో మొదటిది, ఎందుకంటే ఆ గుర్తు గీసింది యజమాని బావమరిది. ఆరుగురు కూర్చుని రెండు రోజుల్లో దాని రంగు సరిచేశారు. ఆ దెబ్బకు లిఫ్టులో ఫ్యాను ఆగిపోయింది. ఒకటి దిద్దితే ఇంకొకటి చెడడాన్ని వాళ్ళు రిగ్రెషన్ అంటారు. మన ఇళ్ళలో ప్లంబరు వచ్చి వెళ్ళాక జరిగేది కూడా అదే గానీ, మనం దానికి అంత గౌరవమైన పేరు పెట్టుకోలేదు.

ఆ మంగళవారం మేనేజర్ పట్టికను ఎదురుగా పెట్టుకుని భోజనం చేస్తుండగా ఆయనకు జ్ఞానోదయమైంది. రెండు గడులకు పొంతన లేకపోవడమే కదా బగ్! మూడో గడిని మార్చాలంటే సాఫ్ట్‌వేర్ మార్చాలి, నెల పడుతుంది. రెండో గడిని మార్చడానికి ఎడమ చెయ్యి చాలు. పెరుగు ముద్ద నోట్లో ఉండగానే ఆయన ఐదును నాలుగు చేశాడు. తలుపు తెరుచుకోవాలన్నచోట తలుపు తెరుచుకోరాదని రాశాడు. చేతులు కడుక్కునేసరికి నలభై మూడూ పచ్చరంగులోకి మారిపోయాయి. వెంటనే అందరినీ హాల్లోకి పిలిచి ప్రసంగించాడు.

"మిత్రులారా! ఇన్నాళ్ళూ మన ఉత్పత్తిలో లోపం ఉందనుకున్నాం. లోపం మన ఆశల్లో ఉంది! ఆశలను సకాలంలో సవరించుకున్న సంస్థకు ఓటమి లేదు!"

చప్పట్లు మోగాయి. ప్రోగ్రామర్ కళ్ళు తుడుచుకున్నాడు. టెస్టర్ ఒక్కతే లేచి నిలబడింది.

"సర్, నేను సంతకం పెట్టను. ఐదో అంతస్తులో మనుషులున్నారు."

ఆమె సంతకం లేనిదే లిఫ్టుకు అనుమతి రాదు. ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం కూడా అదే ఫైల్లో ఉందని మేనేజర్ మృదువుగా గుర్తుచేశాడు. ఆమె అయినా కలం పట్టుకోలేదు. కోపం వచ్చింది, భయం కూడా వేసింది. కోపమే గెలిచింది.

"సరేనమ్మా," అన్నాడాయన. "వాడేవాళ్ళనే అడుగుదాం. ఒక్కరు బాగాలేదని రాసినా సాఫ్ట్‌వేర్ మళ్ళీ రాయిస్తాను."

దీన్ని వినియోగదారుల అంగీకార పరీక్ష అంటారు. టెస్టర్‌కు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆమె లెక్క తప్పేది కాదు. అందరూ ఊరుకున్నా అమ్మమ్మ ఊరుకోదు. జాకెట్టు చంక దగ్గర పట్టిందని దర్జీ చేత నాలుగుసార్లు కుట్టించిన మనిషి, పుచ్చిన వంకాయను మర్నాడైనా సరే తీసుకెళ్ళి అమ్మినవాడి చేతిలో పెట్టొచ్చిన మనిషి. ఆమెను మించిన టెస్టర్ ఇంకా పుట్టలేదు.

శనివారం మేనేజర్ దగ్గరుండి ఎర్ర తాడు విప్పించాడు. జనం ఎక్కారు. ఐదు నొక్కి నాలుగులో దిగారు, తలలు గోక్కున్నారు. అరగంటయ్యేసరికి ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవడం మొదలైంది. "మూడుకెళ్ళాలంటే నాలుగు నొక్కాలండీ, అంతే, అలవాటైపోతుంది." "సున్నా మాత్రం ముట్టుకోకండి." రెండో అంతస్తు పెద్దాయన ఈ వివరాలన్నీ చక్కని చేతిరాతతో అట్ట మీద రాసి మీటల పక్కన అతికించాడు. ఆయన సేవాభావాన్ని అందరూ మెచ్చుకున్నారు. లిఫ్టు గురించి మాత్రం ఎవరూ చెడ్డగా మాట్లాడలేదు.

టెస్టర్ ఐదో అంతస్తు గుమ్మంలో ఫారం పట్టుకుని నిలబడింది. అమ్మమ్మ ఒక అంతస్తు మెట్లు దిగి, లిఫ్టెక్కి కిందికి వెళ్ళి, పావుగంట ఎండలో కూర్చుని, మళ్ళీ నాలుగు దాకా వచ్చింది. అక్కడినుంచి పద్దెనిమిది మెట్లు. రెండుసార్లు ఆగింది. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కసాగింది. మనవరాలు పరుగున వెళ్ళి చెయ్యందించి, కుర్చీలో కూర్చోబెట్టి, కలం చేతిలో పెట్టింది.

"ఉన్నదున్నట్టు రాయి అమ్మమ్మా. నువ్వు ఏం అనుకున్నావో మొదట రాయి, ఏం జరిగిందో దాని కింద రాయి."

అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని, ఆయాసం తీరేదాకా ఆగి, నిదానంగా రాసింది. ఏం ఆశించారు అన్నచోట: నాలుగో అంతస్తు వరకు. ఏం జరిగింది అన్నచోట: నాలుగో అంతస్తు వరకు. చాలా బాగుంది.

"అదేంటి అమ్మమ్మా! నీ గుమ్మం ముందుకు రావాలని కదా అడిగావు?"

"అడిగాన్లే. ఇప్పుడది రాస్తే నీ ఉద్యోగానికి మాటొస్తుందిట కదే, కింద మీ మేనేజరు చెప్పాడు. పాపం ఎంత మర్యాదస్థుడో! అయినా నాలుగంతస్తులు మోసుకొచ్చిందిగా, మిగిలింది ఒక్కటేగా. నేనెక్కలేనా ఏం?" అంది అమ్మమ్మ, మోకాలు నొక్కుకుంటూ.

టెస్టర్ ఆ ఫారాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. రెండు గడులూ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఆమె సంతకం పెట్టింది. సోమవారం ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఫలితాలను కంపెనీ ఘనంగా ప్రకటించింది. ఐదో అంతస్తుతో సహా నూటికి నూరు మందీ తృప్తి చెందారు. ఇక మీదట ఏ లిఫ్టుకూ టెస్టర్లతో పనిలేదనీ, జనం చేతికి ఇచ్చేస్తే చాలుననీ మేనేజర్ తీర్మానించాడు. ఈ కథ చదివినవారికి విడిగా ఫారాలు పంపడం లేదు. మీరు ఏం ఆశించారో రాయాల్సిన గడిని మీ తరఫున కంపెనీయే నింపేసింది. ఇంతవరకు అభ్యంతరం చెప్పినవారు లేరు.