దగ్గు రాని పియానో

అభ్యాసానికి పియానో వాయించే మనిషిని పెట్టుకున్న ఏ జాతీయ బాలే సంస్థా బాగుపడదు! ఈ మాట నేను కడుపుమంటతో అంటున్నానని మీరు అనుకోవచ్చు. ముప్పై నాలుగేళ్ళపాటు మన ఫారో దీవుల జాతీయ బాలేలో ఆ దండగమారి ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి నేనే కనుక, నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పోయిన శరదృతువులో నా స్థానంలో ఒక టాబ్లెట్టూ రెండు నల్ల స్పీకర్లూ వచ్చాయి. నాకు వీడ్కోలు సభ పెట్టి, పియానో ఆకారంలో కేకు కోశారు. తెల్ల మెట్లన్నీ సరిగ్గానే వచ్చాయి. నల్ల మెట్లకు చాక్లెట్ చాలలేదట. అంత మంచి కేకు తిన్నవాడు ఫిర్యాదు చేస్తాడా?

యంత్రం గొప్పతనం ఒకటా, రెండా! అది దగ్గదు. కాఫీ అడగదు. అక్టోబరులో గొర్రెలను కొండ దించే వారం సెలవు పెట్టి, తిరిగొచ్చాక ఉన్ని వాసన కొట్టదు. మంత్రిగారి భార్య బరువు పెరిగిందా లేదా అని నృత్యకారులతో గుసగుసలాడదు. ఈ నేరాలన్నీ నేను చేశాను, ఒప్పుకుంటున్నాను.

అసలు మన సంస్థ చరిత్రలోనే ఒక లోపం ఉంది. డెబ్బై ఏళ్ళ క్రితం ఒక ఓడ కెప్టెన్ భార్య కోపెన్‌హాగన్‌లో బాలే చూసి వచ్చి, పద్దెనిమిది దీవులున్న జాతికి ఒక్క బాలే కూడా లేకపోవడం ఏం మర్యాద అని నిలదీసింది. మగవాళ్ళు ఎండుచేపల గోదాము ఖాళీ చేసి ఇచ్చారు. తొలి ప్రదర్శనలో సముద్ర కన్యలు నిజంగానే సముద్రం వాసన వేశారని పెద్దలు చెబుతారు. వాద్యబృందాన్ని పెట్టే స్తోమత లేక, చర్చిలో మిగిలిన పాత పియానో ఒకటి తెచ్చి మూలన పెట్టారు. లోపం అదే. పియానో తెచ్చాక దాని ముందు మనిషిని కూడా కూర్చోబెట్టాల్సి వచ్చింది.

ఆ మనిషి వల్ల ఎన్ని అనర్థాలు! నృత్యం నేర్పే ఒడ్వర్ గారికి ఇప్పుడు డెబ్బై ఒకటి. నా రోజుల్లో ఆవిడ నోరు విప్పేది కాదు. భుజం ఇలా కదిపితే నెమ్మది పాట, గడ్డం అలా ఎత్తితే దూకుడు పాట. పాపం, ఆవిడకు వ్యాయామమే ఉండేది కాదు. ఇప్పుడు కళ్ళజోడు నుదుటి మీదినుంచి దించి, నాలుగు వందల పన్నెండు పాటల జాబితాను వేలితో పైకీ కిందికీ తోస్తూ ఉంటుంది. ఆ వేళ్ళెంత చురుకయ్యాయో! ఈలోగా నృత్యకారుల ఒళ్ళు చల్లబడి, మళ్ళీ స్వెటర్లు తొడుక్కుంటున్నారు. మన ఉన్ని పరిశ్రమకు ఇంతకన్నా సేవ ఏముంటుంది?

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? రోజూ పొద్దున్నే వెళ్ళి చూస్తున్నాను. లోపలికి కాదు. నా పాత మూలకు వెనక ఒక కిటికీ ఉంది. దాని బయట, చేపల పెట్టెలు పేర్చే చోట, చూరు కింద నిలబడతాను. యంత్రం పనితీరును శాస్త్రీయంగా పరిశీలించేవాడు ఒక్కడైనా ఉండాలి కదా! వాన పడితే గొడుగు తీసుకెళ్తాను, గాలి ఆ గొడుగును తీసుకెళ్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మన సంస్థ మొదటి ఏడాదినుంచీ ఆడుతున్న సీల్ కన్య నృత్యం మీరందరూ చూసినదే. మనిషి రూపంలో ఒడ్డుకొచ్చినప్పుడు ఎవరో దాచేసిన తన సీల్ చర్మం తిరిగి దొరికాక ఆమె బండ మీదినుంచి సముద్రంలోకి దూకే ఘట్టంలో మీ అమ్మమ్మ ఏడ్చింది, మీరూ ఏడ్చారు. ఆరేళ్ళుగా ఆ దూకే పాత్ర మా నర్తకి సున్వాది. మూడేళ్ళ క్రితం ఆమె ఎడమ మోకాలు దెబ్బతింది. అప్పటినుంచీ దూకే ముందు ఆ మోకాలు వంగడానికి ఒక్క పిసరు ఎక్కువ సమయం పడుతోంది.

అభ్యాసంలోనూ ప్రదర్శనలోనూ నేను ఆ పిసరుసేపు ఒక స్వరాన్ని పట్టుకుని ఉండేవాణ్ణి. అంతే. ఎవరికీ చెప్పలేదు. ఆమెకూ చెప్పలేదు. కాలు నేలకు ఆనగానే తరువాతి స్వరం వేసేవాణ్ణి. సున్వా ఎప్పుడూ తాళం తప్పదని పత్రికలు రాస్తే చదివి ఆనందించేవాణ్ణి. చూశారా ఎంత మోసమో! జాతీయ సంస్థలో, మూడేళ్ళపాటు!

యంత్రం అలాంటి తప్పుడు పనులు చేయదు. దానికి ఎవరి మోకాలితోనూ చుట్టరికం లేదు. అది వచ్చిన మొదటి రోజునుంచే సున్వా ఆలస్యంగా దిగుతోంది. కొత్త డైరెక్టర్ హోగ్ని మంచివాడు, కాఫీ కూడా తాగడు. సంగీతం ఎన్నిసార్లు పెట్టినా ఒక్కలాగే వస్తోంది కనుక తేడా నీలోనే ఉందని ఆమెకు మర్యాదగా చెప్పాడు. నెలాఖరు ప్రదర్శనలోగా సరిచేసుకోకపోతే ఆ పాత్ర ఇంకొకరికి వెళ్తుందని కూడా చెప్పాడు. ఆ పాత్ర పోతే ఆమెకు ఆ సంస్థలో మిగిలేది వెనక వరుసలో అలలా ఊగడమే.

ఆ రోజు ఆమె బయటికి వచ్చి చేపల పెట్టెల దగ్గర నన్ను చూసింది. నేను తలుపు కోసం వెతుకుతున్నట్టు నటించాను. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"తుమ్మస్ మామా, ఇన్నాళ్ళూ నేనే సరిగ్గా దిగుతున్నాననుకున్నా. నువ్వు ఆగుతున్నావని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది."

చెబితే ఆ పిల్ల దూకేది కాదు. ఇంటికెళ్ళి ఎండు మాంసం ముక్క ముందు పెట్టుకుని తినలేక కూర్చున్నాను. సిగ్గేసింది, కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఇలాంటి భావావేశాలు యంత్రానికి ఉండవు, గమనించగలరు.

పోయిన గురువారం తుపాను సంగతి మీకు తెలుసు. కరెంటు తీగలు తెగి, పొద్దున పదింటికి స్పీకర్లు నోరు మూసుకున్నాయి. కిటికీలోంచి చూస్తున్నాను. పద్దెనిమిదిమంది ఒంటికాలి మీద ఆగిపోయారు. హోగ్ని గుమ్మం దగ్గర నిలబడి ఫోన్‌లో ఎవరినో బతిమాలుతున్నాడు.

ఇంకే దేశంలోనైనా అభ్యాసం అక్కడితో ముగిసేది. మన వాళ్ళు మన వాళ్ళే కదా! వాయిద్యం లేదంటే మనకు గుర్తొచ్చేది ఒక్కటే. ఒడ్వర్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చేతులు పట్టుకుని వలయంగా తిరిగే గొలుసు నృత్యంలో పాడుకునే ఆ పాత గాథ ఎత్తుకుంది. అదే, పెళ్ళిళ్ళలో నూట ఎనభై చరణాలూ పాడితే గాని భోజనం పెట్టరే, అదే. ఒకరి తరువాత ఒకరు గొంతు కలిపారు. పాదాలతో నేల దద్దరిల్లించారు. గాలి హోరులో కూడా ఆ దరువుకు కిటికీ అద్దం అదురుతోంది.

సున్వా బండ ఎక్కింది. మోకాలు వంచింది. పద్దెనిమిది గొంతులూ ఒక్క అక్షరాన్ని సాగదీసి పట్టుకున్నాయి. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. ఆమె ఎగిరింది, దిగింది, అప్పుడు పదం పూర్తయింది. సరిగ్గా సమయానికే దిగింది!

అభ్యాసం అయ్యాక గురువుకూ, పియానో వాయించినవారికీ వంగి నమస్కరించడం ఈ వృత్తిలో ఆనవాయితీ. ఆ రోజు కూడా అందరూ మూలకు తిరిగి వంగారు. మూలలో ఆరిపోయిన టాబ్లెట్ ఉంది, దాని వెనక కిటికీ, కిటికీ బయట నేను. ఆ నమస్కారం టాబ్లెట్‌కేనని నా గట్టి నమ్మకం. కానీ దానికి వంగడం రాదు కదా! ఎవరో ఒకరు మర్యాద నిలబెట్టాలని, చేపల పెట్టెల మధ్య, వానలో, నేనే తిరిగి వంగాను.

సాయంత్రం హోగ్ని ఫోన్ చేశాడు. పొద్దున జరిగింది తను చూశాడు, అర్థం చేసుకున్నాడు. ఆ దూకే చోట యంత్రం కాస్త ఆగేలా సరిచేయిస్తానన్నాడు.

"ఎంతసేపు ఆపాలో చెప్పండి చాలు తుమ్మస్ గారూ. సెకన్లలో."

"ఆ పిల్ల దిగేదాకా," అన్నాను.

అది అంకె కాదని అతను ఓపికగా వివరించాడు. చలి రోజున ఒక లెక్క, ఎండ రోజున ఒక లెక్క, మోకాలిని అడిగి చూడమన్నాను. ఇంజనీర్లతో మాట్లాడతానన్నాడు. వాళ్ళు ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

కనుక పాఠకులారా, ఆ యంత్రాన్ని ఎవరూ ఆడిపోసుకోవద్దు. నెలాఖరు శనివారం సీల్ కన్య ప్రదర్శనకు తప్పకుండా రండి. హాలులో చిన్న ప్రమాదం పొంచి ఉంది కనుక ముందే హెచ్చరిస్తున్నాను. స్పీకర్ల తీగ ఎడమవైపు మూడో వరుస చివరి కుర్చీ కింద నుంచి గోడకు పోతుంది. పొరపాటున ఎవరి కాలైనా తగిలితే ఊడి వచ్చేంత వదులుగా ఉంది. అలా జరగకూడదని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. జరిగితే మాత్రం కంగారు పడకండి, ఆ గాథ మీకందరికీ వచ్చినదే. సున్వా మోకాలు వంచిన చోట అక్షరాన్ని పట్టుకుని ఉండండి.

ఎడమవైపు మూడో వరుస చివరి కుర్చీకి టిక్కెట్టు అడిగి లేదనిపించుకోకండి. అది నేను కొనేశాను.