కుడికాలి బొటనవేలు లేచిన వైనం

కుట్టుమిషను అటకెక్కవలెనా, హాలులోనే వెలయవలెనా అను మహావివాదము రెండు కాఫీలు చల్లారువరకు సాగి మూడవదానికి చేరిన ఆ ఉదయవేళ, భానుడు కిటికీ చువ్వల నడుమ నుండి తొంగిచూచుచుండగా, దర్జీకులతిలకయు, కత్తెరధారిణియు, మోకాలి ఆపరేషనులో నరము నలిగి కుడిపాదము వాలిపోయిన వీరనారియు నగు ఆ ఇంటి అత్తగారు, దివాను మీద దిండ్ల కోటలో ఆసీనురాలై యుండెను.

“ఊరికే చోటు తినేస్తోంది కదత్తయ్యా, పైన పెడితే పాడవుతుందా?” అన్నది కోడలు.

“దాన్ని పైకెక్కిస్తే నన్ను మూలన కూచోబెట్టినట్టేనమ్మా.”

నిజమే. బొటనవేలు లేచినచో పాదము లేచును. పాదము లేచినచో మిషను తొక్కుడుపలక ఆడును. అది ఆడనినాడు ఆమె కేవలము అత్తగారు.

అంతట ఆమె పెనిమిటి, యావజ్జీవము బడిపిల్లలను ఎండలో నిలబెట్టిన రిటైర్డు డ్రిల్లు మాస్టారు, మీసము సవరించి, “ఓయి అంగుష్ఠమా! నా గర్జన విని గోడలెక్కిన గడుగ్గాయిలు గడగడలాడుచు దిగివచ్చిరి. నీవొక లెక్కా? లెమ్ము!” అని హుంకరించెను.

అత్తగారి కనుబొమలు లేచెను. భుజములు లేచెను. మోకాలు సైతము లేచెను. వేలు లేవలేదు.

“మోకాలు కాదే, వేలు!”

“నాకు తెలీదూ? మీరలా అరిస్తే అదింకా ముడుచుకుంటోంది.”

ఇంతలో రోజూ వచ్చు ఫిజియో అమ్మాయి ఏతెంచి, వణుకుచున్న కాలి ముందరి కండను తాకి చూచి, “పొద్దున్నుంచీ చేయిస్తున్నారా?” అనెను.

“రోజూ చేయిస్తాను,” మాస్టారు రొమ్ము విరిచెను. “నువ్వొచ్చేసరికి తయారుగా ఉండాలని.”

“అయ్యో మాస్టారూ, అందుకా నేనొచ్చేసరికి రోజూ చచ్చుబడి ఉంటోంది! నరం ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. ఈ కండకున్న సత్తువే కాస్త, అదీ మీరే పిండేస్తున్నారు. దీన్ని కదపకండి. సాయంత్రం మళ్ళీ వస్తాను.”

అది మొదలు ఆ గృహమున ఘోరతపస్సు ఆరంభమయ్యెను. కాలికి విశ్రాంతి సులభమే; మాస్టారి నోటికి విశ్రాంతి దుర్భరము. ఆయన వరండాలో పచార్లు చేసెను, నీళ్ళు తాగెను, తన బొటనవేళ్ళనే రహస్యముగా లేపి చూచుకొనెను.

సాయంసంధ్యలో ఫిజియో అమ్మాయి పాదము ముందర మోకరిల్లి, “తొందరేం లేదు పెద్దమ్మా, మెల్లగా,” అనెను.

అప్పుడు, ఆహా, కులపర్వతము కుదురు కదలినట్లు, చిరనిద్రాముద్రితమైన ఆ అంగుష్ఠము బియ్యపుగింజ మందము పైకి లేచి, ఒక్క క్షణము నిలిచి, సగౌరవముగా వాలెను!

“లేచిందత్తయ్యా! నేను చూశాను!” కోడలు కేక వేసెను. మాస్టారు “శభా—” అనబోయి, అరచేత నోరు మూసుకొని, తడికన్నులతో నిలుచుండెను. జయమయ్యెను! గింజ మందపు జయమయ్యెను!

అత్తగారు మాత్రము చీర కుచ్చెళ్ళు సర్దుకొని, అందరి వంకా చూచి నెమ్మదిగా చెప్పెను.

“మిషను హాల్లోనే ఉంటుంది. ఈ పాదం దారికొచ్చేదాకా మోటారు పెట్టించుకుని ఎడమకాలితో కుడతాను. ఈ కాలికి మాత్రం ఇక డ్రిల్లు మాస్టారు లేరు. ఇవాళ్టితో రిటైరయ్యారు.”