పది నుంచి పన్నెండు దాకా

పొద్దున్నే టిఫిను పళ్లేల ముందు దర్జీ వదిన కూతురు ఒక కాగితం విప్పింది. నిన్న కాలేజీకి సెలవు కావడంతో రోజంతా తల్లి పక్కన కూర్చుని, గడియారం చూసి రాసిన కాగితం అది.

“గంటకి నువ్వు కుట్టేది ఇరవై రెండు నిమిషాలమ్మా. మిగతా ముప్ఫై ఎనిమిదీ కబుర్లే.”

“కొట్టుకొచ్చిన వాళ్లని పలకరించొద్దా ఏంటే?”

“పలకరించు. వాళ్ల మేనత్త మరిదికి అయిన ఆపరేషను దాకా వెళ్లకు.”

వదిన పళ్లెం పక్కకి జరిపి కాగితం అందుకుంది. వీధి వీధంతా ఆవిడని వదినే అంటుంది. ఆవిడ కుట్టిన బట్ట చిరగాలే గానీ కుట్టు ఊడదని అందరికీ తెలుసు. చెప్పిన వేళకి అందదనీ అందరికీ తెలుసు. పోయినేడు స్కూలు వార్షికోత్సవానికి కుట్టిన గౌన్లు, పిల్లలు పాట పాడేసి స్టేజీ దిగాక చేరాయి. టీచరమ్మ ఒక్క మాటా అనలేదు. అననందుకే వదినకి ఇన్నాళ్లూ నిద్రలో కూడా గుచ్చుకుంటోంది.

ఈ ఏడు మళ్లీ పద్దెనిమిది గౌన్లు. ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా ఇస్తే స్కూలు యూనిఫాంలన్నీ ఇకనుంచి వదినవే. ఐదు దాటితే బజారు మొదట్లో ఉన్న పెద్ద దుకాణానివి. టీచరమ్మ ఈ సంగతి ముందే తేల్చి చెప్పింది. కుట్లూ కాజాలూ అయ్యాయి. ఇక కాలర్లు బిగించాలి, అంచులు మడవాలి, గౌనుకి ఐదు చొప్పున తొంభై బొత్తాలు కుట్టాలి.

కూతురు చెప్పిన ఉపాయం చిన్నదే. పది నుంచి పన్నెండు దాకా నోట మాట రాకూడదు.

“తలుపు మూసేసుకోమ్మా.”

“మూస్తే కొట్టు ఎత్తేశానంటారు. తలుపు తీసే ఉంటుంది. నోరే మూస్తాను, చూస్తూ ఉండు” అంది వదిన పౌరుషంగా.

కూతురు తల్లి ఫోను ఆపేసి బీరువాలో పెట్టి కాలేజీకి వెళ్లింది. గడియారం పది కొట్టింది. తన నోటి మీద తనకే నమ్మకం లేని వదిన, మూడు గుండుసూదులు తీసి పెదాల మధ్య బిగించుకుంది. ఇక పలకాలన్నా పలకలేదు.

పది దాటి ఐదు నిమిషాలకి పక్కింటి లెక్కల మాస్టారు పేపరు పట్టుకుని వచ్చి, రోజూ కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. “ఏమ్మా, మబ్బు పట్టినట్టుందే” అన్నాడు. వదిన తలెత్తి పెదాలు చూపించింది. “సూదులున్నాయా నోట్లో, సరే సరే” అని పేపర్లోకి వెళ్లాడు. ఈలోగా వదిన ఒక సూది తీసి కాలరుకి గుచ్చింది. మాస్టారు తలెత్తాడు. రిటైరైనా లెక్క మానని మనిషి.

“ఇందాక మూడున్నాయి, ఇప్పుడు రెండే ఉన్నాయి. మూడోది ఏదమ్మా?”

కాలర్లో ఉందని చెప్పడానికి వదిన వేలితో తన మెడ చుట్టూ చూపించింది.

మాస్టారు చేతిలో పేపరు జారిపోయింది. “గొంతులోనా! మింగేశావా తల్లీ!”

వదిన గబగబా సూదులు తీసి, “మాస్టారూ, అది...” అనబోయింది.

“మాట్లాడకు! మాట్లాడావో, ఇంకా కిందకి దిగుతుంది!” అని ఆయన వేసిన కేకకి వంటింట్లోంచి అత్తగారు, ఎదురింట్లోంచి రాత్రి డ్యూటీ చేసి పడుకున్న నర్సమ్మ పరుగున వచ్చారు. అత్తగారు కోడలి నోరు అరచేత్తో మూసేసింది. పాతికేళ్లుగా ఆవిడకున్న కోరిక అలా తీరింది గానీ, ఆ క్షణాన ఆవిడకి ఆ సంగతి తోచలేదు.

నర్సమ్మ నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. “పైకేం కనిపించట్లేదు. పన్నెండుకి మా డాక్టరుగారు వస్తారు, అప్పుడు ఎక్స్‌రే తీద్దాం. అందాకా మంచినీళ్లు కూడా వద్దు. మాట అసలే వద్దు. కూర్చున్నచోటే నిటారుగా కూర్చోనివ్వండి.”

వదిన సుద్దముక్క తీసుకుని గుడ్డపీలిక మీద ‘నేను ఏమీ మింగలేదు’ అని రాసి చూపించింది.

అత్తగారికి దుఃఖం ఆగలేదు. “చూశారా, మనం ఎక్కడ కంగారు పడతామోనని ఎలా రాస్తోందో! ఇంత మంచి పిల్లని ఎన్నిసార్లు వాగుడుకాయ అన్నాను!”

వదిన గడియారం చూసింది. పదీ ఇరవై. వీళ్లకి విడమరిచి చెప్పడం మొదలుపెడితే అదొక గంట, నమ్మించడం ఇంకో గంట. ఎలాగూ ఎవరూ మాట్లాడనివ్వడం లేదు. ఆవిడ గౌను ముందుకి లాక్కుని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

“ఆపండెవరైనా!” అన్నాడు మాస్టారు.

“ఆపొద్దు” అంది నర్సమ్మ. “ధ్యాస పని మీదుంటే భయం ఉండదు.”

ఇలా వదిన బతుకులో మొదటిసారి, ఆవిడ పని చేసుకోవడానికి ముగ్గురు కాపలా కూర్చున్నారు.

మాస్టారు ఫోన్ చెయ్యగానే లైబ్రరీలో పనిచేసే భర్త ముందు పెళ్లాం ఫోనుకి కొట్టి చూశాడు. అది పలకకపోయేసరికి పరుగున బయటికొచ్చాడు. అతను సైకిలు మీద వీధి దాటేలోపు వార్త అతన్ని దాటేసింది. వీధి మూలమీద గుండుసూదిగా బయల్దేరి, మందుల షాపు దగ్గర దబ్బనమై, బస్టాపు చేరేసరికి కత్తెర అయింది.

“ఏమోయ్!” అని అతను వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.  వదిన ఫర్వాలేదన్నట్టు అతని చెయ్యి గట్టిగా నొక్కింది. అతను దాన్ని ఆఖరి అప్పగింతలనుకున్నాడు.

“ఇక నీ పనికి అడ్డం రానే. నా చొక్కా బొత్తాలు కూడా నేనే కుట్టుకుంటాను. ఒట్టు!”

వదిన ఆలస్యం చెయ్యకుండా సూదీ దారమూ, బొత్తాల డబ్బా, ఆరు గౌన్లూ అతని ఒళ్లో పెట్టింది. ఆ స్థితిలో ఉన్న మనిషి మాట కాదనేదెవరు? అతను కుట్టడం చూసి ఊరికే కూర్చోలేక అత్తగారు అంచులు మడిచింది. నర్సమ్మ వేళ్లకి కుట్లు కొత్త కాదు, ఆవిడా బొత్తాలు అందుకుంది. మాస్టారు ప్రతి గౌనుకీ ఐదు బొత్తాలూ సమాన దూరంలో ఉండేలా స్కేలు పెట్టి గుర్తులు గీశాడు.

అప్పుడు వార్త విని వీధి చివరి మిక్సీల మెకానిక్ పాత స్పీకరు అయస్కాంతం పట్టుకుని దూకుడుగా వచ్చాడు. “జరగండి, నేను లాగేస్తా!” అని వదిన గొంతు ముందు పెట్టాడు. బల్లమీది డబ్బాలోంచి సూదులన్నీ ఎగిరి దానికి అంటుకున్నాయి.

“మింగింది ఒకటైతే నలభై వచ్చాయేంటయ్యా?” అంది నర్సమ్మ.

వదిన అతనికి వేలితో ఇస్త్రీపెట్టె చూపించింది. అతను తలొంచుకుని వెళ్లి ఇస్త్రీ మొదలుపెట్టాడు.

పన్నెండుకి రెండు నిమిషాలుందనగా టీచరమ్మ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. “కత్తెర మింగారట కదండీ! గౌన్లు ఎంతవరకు అయితే అంతవరకు ఇచ్చెయ్యండి, దుకాణంలో పూర్తి చేయిస్తాను...” అంటూ ఆగిపోయింది. ఎదురుగా తీగ మీద పద్దెనిమిది గౌన్లు, మడత నలగకుండా, వరసగా వేలాడుతున్నాయి.

గడియారం పన్నెండు కొట్టింది. వదిన లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

“నాకేం కాలేదు. ఆ సూది నాలుగో గౌను కాలర్లో ఉండేది. బిగించాక తీసి డబ్బాలో వేశాను.”

మాస్టారు డబ్బా దగ్గరికి లాక్కుని సూదులు లెక్కపెట్టబోయాడు.

“ముందే చెప్పొచ్చు కదే!” అన్నాడు భర్త.

“చెప్పనిచ్చారా? రాసి చూపిస్తే మీ అమ్మగారు ఏడ్చారు!”

అత్తగారు ఏదో అనబోయింది గానీ, టీచరమ్మ అప్పటికే గౌన్లు ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది. అంచు పట్టుకుని చూసి, “ఎంత సన్నంగా మడిచారండీ” అంది. అత్తగారు కోపం వాయిదా వేసుకుని వెన్ను నిటారుగా చేసింది. టీచరమ్మ ఒక బొత్తాం గట్టిగా లాగి చూసింది. అది కదల్లేదు.

“అది నేను కుట్టిందండి” అన్నాడు భర్త. జన్మలో ఏ పుస్తకం గురించీ అంత గర్వంగా చెప్పలేదతను.

“దూరాలు నావి” అన్నాడు మాస్టారు.

వదిన వాళ్లందరినీ చూసింది. పద్దెనిమిదిలో వంక పెట్టడానికి ఒక్కటీ లేదు, పైగా చేతిలో ఇంకా ఐదు గంటల సమయం ఉంది. ఇంత సమయం తనదిగా ఎప్పుడూ చూడలేదు. కళ్లు చెమర్చాయి.

టీచరమ్మ చివరి గౌను తీగ మీద వేసి నవ్వింది. “రేపట్నుంచి యూనిఫాంలు మొదలుపెట్టండి. రెండొందల నలభై. మీ దగ్గర పనివాళ్లు ఎంతమందండీ?”

“ఐదుగురు” అంది వదిన, తడుముకోకుండా.

ఆ ఐదుగురూ ఎవరా అని గదిలో పనిచేసిన ఐదుగురూ గుమ్మం వైపు చూశారు.