ఏడు సంస్థలు, ఒక తాళంచెవి

పని జరిగిపోవడమంత అనర్థం పల్లెటూరికి మరొకటి లేదు!

కోప్పడకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. ఒక పని జరిగిపోయిందనుకోండి, ఆ తర్వాత ఏముంది? దాని గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. నలుగురూ ఒకచోట చేరరు, కాఫీ పెట్టరు, ఒకరి మోకాలి నొప్పి ఒకరు అడగరు. అదే పని జరగకుండా ఆగి ఉంటే? వారం వారం మీటింగు, ప్రతి మంగళవారం పండగే!

ఈ కిటుకు కనిపెట్టినవాళ్ళు మా టెస్మర్ కౌంటీ వాళ్ళు. నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య, మనుషులకన్నా ఆవులు ఎక్కువున్న ఈ చోట, ఆర్థికాభివృద్ధి కోసం మాకు ఏడు సంస్థలున్నాయి. కౌంటీ బోర్డు ఒకటి. వర్తక సంఘం ఒకటి, వర్తకులు ముగ్గురే అయినా. అభివృద్ధి మండలి, పర్యాటక కమిటీ, ప్రాంతీయ ప్రణాళిక వాళ్ళు, రైతులకు సలహాలిచ్చే ఆఫీసు. ఏడోది ఎందుకంటారా? ఈ ఆరింటినీ సమన్వయం చెయ్యడానికి!

ఇన్ని సంస్థలుంటే జుట్టూ జుట్టూ పట్టుకుంటారని మీరనుకుంటారు. అక్కడే పొరబడ్డారు. మా వాళ్ళ మధ్య ఉన్న సఖ్యత అన్నదమ్ముల మధ్య ఉంటే కోర్టులు ఏనాడో మూతపడేవి.

దీనికంతటికీ మూలం మా మర్యాద. మా ప్రాంతంలో పళ్ళెంలోని చివరి ముక్క ఎవరూ తినరు. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా తినరు. మరీ నోరూరితే ఆ ముక్కని సగానికి కోసి, ఒక సగం తీసుకుని రెండోది వదిలేస్తారు. తర్వాత వచ్చినవాడు ఆ సగంలో సగం. చివరికి చీమ కూడా మొహమాటపడేంత ముక్క మిగులుతుంది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యాలన్నా అందరూ ఇళ్ళకి వెళ్ళేదాకా ఆగాల్సిందే. ఈ సంప్రదాయాన్ని భోజనాల బల్ల మీంచి పరిపాలనలోకి తెచ్చిన ఘనత మా ఏడు సంస్థలదే.

కావాలంటే ఆర్లిస్ పొకొర్నీ సంగతి చూడండి.

ఆర్లిస్‌కి యాభై దాటాయి. పాల వ్యాపారం గిట్టక మొన్న వసంతంలో ఆవుల్ని అమ్మేసింది. కానీ ఆవిడ చేతిలో ఇంకో విద్య ఉంది. పెరట్లో పెరిగే పుల్లటి రూబార్బ్ కాడలతో కేకు చేస్తుంది. ఆ కేకు కోసం పాస్టరుగారు ఆదివారం ప్రసంగం కుదించుకున్నారంటే ఇక నేను చెప్పేదేముంది?

మా మెయిన్ వీధిలో డెల్మర్ అనే ఆయన కెఫే ఒకటుండేది. ఆయన పోతూ పోతూ, "నడిపేవాళ్ళొస్తే ఇవ్వండి" అని ఆ కొట్టు కౌంటీకి రాసిచ్చి పోయాడు. దాని తాళంచెవి కౌంటీ మీటింగు గదిలో, కాఫీ కుండ పక్కన, మేకుకి వేలాడుతూ ఉంటుంది. అందరికీ కనబడుతూనే ఉంటుంది.

ఆర్లిస్ అడిగింది ఆ తాళంచెవి ఒక్కటే. ఒక మంగళవారం కేకు పట్టుకుని మీటింగుకి వచ్చింది.

"పొయ్యి నా దగ్గరుంది. గిన్నెలున్నాయి. చేతులున్నాయి. మొక్కజొన్న కోతల్లోపు తెరిచేస్తానండీ" అంది. "ఇది కుదరకపోతే సిటీలో మాంసం ఫ్యాక్టరీకి పోవాలి. పేర్లు పెట్టి పిలిచిన ఆవుల్ని అమ్ముకుని, ఇప్పుడు పోయి వాటినే కొయ్యమంటే నావల్ల కాదు."

గది కరిగిపోయింది. బోర్డు చైర్మన్ వెండెల్ ఓస్ట్‌బర్గ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మాయ్ ఆర్లిస్, ఎన్నాళ్ళకి విన్నానమ్మా ఇంత మంచి మాట! మా బోర్డుకి రవ్వంత అభ్యంతరం లేదు. అయితే వర్తక సంఘం వాళ్ళు ఇక్కడే ఉండగా నేను ముందు చెయ్యి చాపితే ఏం బాగుంటుంది చెప్పు?"

వర్తక సంఘం వాళ్ళు ఉలిక్కిపడ్డారు. "అయ్యో, మాదేముందండీ! అభివృద్ధి మండలి వారు కానివ్వాలి గానీ."

మండలి వారు పర్యాటక కమిటీ వంక చూశారు. కమిటీ వాళ్ళు ప్రణాళిక వాళ్ళకి దారిచ్చారు. ఆ మర్యాద అలా బల్ల చుట్టూ తిరిగి ఏడో సంస్థ దగ్గరికొచ్చింది. "నిర్ణయం మేం తీసుకుంటే ఇక సమన్వయం ఎవరు చేస్తారండీ? ముందు బోర్డు వారే..." అన్నారు వాళ్ళు. మళ్ళీ వెండెల్! ఈలోపు కేకు చివరి ముక్క సగమై, పావై, అరపావైంది.

అలాగని మా వాళ్ళు చేతులు ముడుచుకు కూర్చున్నారని అనుకునేరు! తాళంచెవి తప్ప ఆర్లిస్‌కి ఇవ్వనిదేముంది? కెఫే నడపడమెలాగో శిక్షణ ఇప్పించారు. ఆ పాఠం చెప్పినాయనకి కోడిగుడ్డు వేయించడం రాదట, అది వేరే విషయం. సర్టిఫికెట్ ఇచ్చారు. లోగో గీయించారు. పక్క ఊళ్ళ సభల్లో "నా విజయగాథ" అని మాట్లాడమని తీసుకెళ్ళారు.

"ఏం మాట్లాడనండీ? ఇంకా తలుపే తియ్యలేదు కదా?" అందిట పాపం.

"ఆ ఒక్క ముక్కా చెప్పకమ్మా. జనానికి స్ఫూర్తి పోతుంది!"

హైవే పక్కన ఆర్లిస్ బొమ్మతో పెద్ద బోర్డు కూడా పెట్టించారు. అది చూసి కార్లు ఆగేవి. పిల్లలతో దిగినవాళ్ళు కెఫే తలుపు లాగి, మళ్ళీ లాగి, అద్దంలోంచి లోపలికి తొంగి చూసి వెళ్ళిపోయేవారు. తలుపు లాగిన ప్రతిసారీ పర్యాటక కమిటీ ఒక సందర్శకుణ్ణి జమ వేసింది. ఆ ఏడాది మా పర్యాటకం రెట్టింపయింది! తలుపు తెరిచి ఉంటే ఒకసారే లాగేవారు కదా?

ఇక మా ఊరి ముసలి రైతుల ఆరోగ్యం మాట చెప్పాలి. డెల్మర్ ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే కెఫేలో చేరి, కాఫీ డబ్బులెవరిస్తారో పాచికలేసి తేల్చుకుంటూ, ఒకరినొకరు ఆట పట్టించుకుంటూ కాలం వృథా చేసేవాళ్ళు. ఇప్పుడా బెడద లేదు. ధాన్యం గోదాము ముందు ఎవరి పికప్పు ట్రక్కులో వాళ్ళు కూర్చుని, చల్లటి సాండ్‌విచ్చులు తిని, అద్దాలు దించకుండా ఒకరికొకరు వేలెత్తి పలకరించుకుంటున్నారు. గొంతులకి ఎంత విశ్రాంతి!

ఇంతలో కోతలు రానే వచ్చాయి. చేలల్లో యంత్రాలు దిగాయి. ఆ మంగళవారం కూడా ఆర్లిస్ కేకు తెచ్చింది. అందరూ తిన్నారు, మెచ్చుకున్నారు. చివరి ముక్క మామూలుగానే గోరంత మిగిలింది.

"మొత్తానికి మనందరిదీ ఒకే మాట, అదే సంతోషం. ఎవరు ముందన్నది మాత్రం వచ్చే మంగళవారం..." అంటున్నాడు వెండెల్.

ఆర్లిస్ లేచింది. బల్ల మీదికి వంగి, ఆ చివరి ముక్కని రెండు వేళ్ళతో తీసి నోట్లో వేసుకుంది!

ఎవరిదో స్పూను కిందపడింది. ఏడు సంస్థలూ ఒక్కసారిగా తలొంచుకున్నాయి. అంత సమన్వయం మా గదిలో అంతకు ముందెన్నడూ చూడలేదు.

"బానే ఉంది. ఉప్పు కాస్త తగ్గింది" అంది నములుతూ. చెయ్యి తుడుచుకుంది. మేకు వంక చూసింది. తాళంచెవి లాక్కుంటుందనే మేమంతా అనుకున్నాం. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. తన కేకు పళ్ళెం తను తీసుకుని వెళ్ళిపోయింది.

వాగు దాటితే ఓర్విక్ కౌంటీ. అదొక అనాగరిక ప్రదేశం! అక్కడ ఒక్క అభివృద్ధి సంస్థ కూడా లేదు. మావిస్ అని ఒక గుమస్తా ఉంది. భూముల దస్తావేజులు ఆవిడే చూస్తుంది, కుక్కల లైసెన్సులు ఆవిడే ఇస్తుంది, సాయంత్రం ఆఫీసు ఆవిడే ఊడుస్తుంది. మధ్యాహ్నం పెరట్లో కోళ్ళకి గింజలు వేస్తుంది. అలాంటి చోట పరిపాలన ఏ తీరున ఉంటుందో ఊహించుకోండి. ఆర్లిస్ తర్వాత నాకు చెప్పిన ప్రకారం అక్కడ జరిగింది ఇంతే.

"అక్కా, ఇక్కడ కెఫే పెట్టుకోవడానికి ఖాళీ కొట్టేదైనా ఉందా?"

"ఎదురుగా పాత పోస్టాఫీసు ఉందిగా. ఊరిదే. అద్దె సంగతి నిలదొక్కుకున్నాక చూద్దాంలే."

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"దానికి తాళం ఎక్కడేడ్చిందే తల్లీ! తలుపు బిర్రుగా ఉంటుంది, భుజంతో ఒక్క తోపు తొయ్యి. కాఫీ ఎప్పట్నించి పెడతావ్?"

విన్నారా? లోగో లేదు! శిక్షణ లేదు! నీ లక్ష్యమేమిటని అడిగిన నాథుడు లేడు! ఆ శనివారానికల్లా కెఫే తెరిచేసింది. కోతలవాళ్ళంతా అక్కడికే. మా ముసలాళ్ళు పాచికలు జేబులో వేసుకుని వాగు దాటి పోతున్నారు. మాంసం ఫ్యాక్టరీకి వెళ్ళే బాధ ఆర్లిస్‌కి తప్పింది.

దీన్ని మా ఓటమి అనే అల్పబుద్ధులున్నారు. మా వెండెల్ వార్షిక నివేదిక చదివితే వాళ్ళ నోళ్ళు మూతపడతాయి. "మన సహకారం నేడు కౌంటీ సరిహద్దులు దాటింది" అని రాశాడాయన. అబద్ధమా? హైవే మీది బోర్డు అలాగే ఉంది. దాని కింద "ఇక్కడ కాదు, వాగు అవతల" అని ఎవరో బొగ్గుతో రాశారు. ఏడు సంస్థలకీ నచ్చింది, కానీ దాన్ని పెయింటుతో రాయించాల్సింది ఎవరన్నది ఇంకా తేలలేదు.

నేనూ దీన్ని అభివృద్ధి అనే అంటున్నాను. కాకపోతే తెల్లవారుజామున మా మెయిన్ వీధిలో, డెల్మర్ కెఫే చీకటి కిటికీ ముందు నుంచి వెళ్తున్నప్పుడు మాత్రం ఆ మాట నోటికి రాదు. ఏడుపొస్తుంది.

మంగళవారం మీటింగులు ఆగలేదు లెండి. ఇప్పుడు ఆర్లిస్ కెఫేలోనే పెట్టుకుంటున్నారు, కేకు అక్కడుంది మరి. మొన్న నేనూ వెళ్ళాను. కిటికీ పక్క పెద్ద బల్ల చుట్టూ ఏడు సంస్థలు, మధ్యలో పళ్ళెం, పళ్ళెంలో గోరంత ముక్క. ఆర్లిస్ వచ్చి నడుమ్మీద చెయ్యేసుకుని నిలబడింది.

"వెండెల్ గారూ, తింటారా, తీసెయ్యనా?"

వెండెల్ మిగతా ఆరుగురి వంక చూశాడు. ఆరుగురూ వెండెల్ వంక చూశారు.

ఆవిడ పళ్ళెం తీసుకుని, వీధి దాటి మావిస్ పెరట్లోకి వెళ్ళింది. అక్కడ కోళ్ళు అప్పటికే కంచె దగ్గర బారులు తీరి ఉన్నాయి. వాటికి మంగళవారాలు బాగా తెలుసట. నేను కిటికీలోంచి చూశాను, ఒక్కొక్కటీ నేల మీద పొట్ట ఈడ్చుకుంటూ నడుస్తోంది. మా ఏడు సంస్థల ఉమ్మడి కృషితో కళ్ళెదుట వృద్ధిలోకి వచ్చినవి ఏవైనా ఉన్నాయంటే, ఓర్విక్ కౌంటీ కోళ్ళే!