శ్యాంసుందర్ రావు గారి తలనీలాలు

మా మండల దవాఖానకు పిల్లల డాక్టరు వచ్చిననాడు గుట్ట మీది నరసింహస్వామికి తన తలనీలాలు సమర్పిస్తానని మా నాయకులు శ్యాంసుందర్ రావు గారు నిండు సభలో ప్రకటించారు. ప్రజల కోసం రక్తం ధారపోస్తామన్న నాయకులను చాలామందిని చూశాం గానీ, జుట్టు ఇస్తానన్న నాయకుణ్ణి అప్పుడే చూశాం. రక్తమైతే లోపల ఉంటుంది, ఇచ్చిందీ లేనిదీ ఎవరికీ తెలియదు. జుట్టు అట్లా కాదు కదా.

ఈ ఏడు జాతరకు ముందు పోస్టు మంజూరైంది. డాక్టరు రాలేదు, పోస్టు వచ్చింది. రావు గారు మాట మీద నిలబడే మనిషి కనుక పోస్టుకే మొక్కు చెల్లిస్తానన్నారు. రుద్రంగి నుంచి కోరుట్ల దాకా, గుట్ట మీద గుడి ముందర కూడా, ఫ్లెక్సీలు కట్టారు. ప్రతి ఫ్లెక్సీలోనూ రావు గారి నల్లటి జుట్టు గాలికి ఎగురుతోంది.

ఆ జాతరకు నేనూ పోయాను. నాకూ ఒక మొక్కుంది. పోయిన వానాకాలం నా బిడ్డ నిఖితకు జ్వరమెక్కి ఫిట్స్ వచ్చాయి. దవాఖానలో పిల్లల డాక్టరు లేడు. నర్సు కృపారాణి తడిగుడ్డ వేసి, జగిత్యాలకు తీసుకపొమ్మంది. ఆటోలో బిడ్డ కళ్లు తేలేస్తే, "స్వామీ, బతికించు, దీని పుట్టువెంట్రుకలు నీ గుట్ట మీదనే తీయిస్త" అని మొక్కుకున్నాను. బతికింది. అప్పటినుంచి దాని తలకు కత్తెర తాకనివ్వలేదు. అది తుమ్మితే చాలు, మొక్కు ఆలస్యమైనందుకేనేమోనని నాకు గుండెలో దడ. దిష్టి తగలకుండా జుట్టుకు ఎర్ర దారం కట్టి ఉంచాను.

మేం గుట్ట ఎక్కేసరికి వెంట్రుకలు తీసే షెడ్డు చుట్టూ తాడు కట్టి ఉంది. రావు గారు వస్తున్నారని షెడ్డును ఫినాయిల్ వేసి కడిగి, జనాన్నంతా ఎండలోకి పంపారు. బిడ్డ ఏడుపు ఆపకపోయేసరికి మా అత్త కనకవ్వ తాడు కింద నుంచి దూరింది. ఆమె వెనుక నేనూ దూరాను. అందువల్ల ఆ మహత్తర ఘట్టాన్ని దగ్గర నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

రావు గారు పీట మీద కూర్చున్నారు. క్షురకుడు మైసయ్య కత్తి నూరుకుంటూ, "గుండేనా సారూ?" అన్నాడు.

పార్టీ కార్యకర్త భూమన్న అదిరిపడ్డాడు. "గుండేందిరా! ఎలక్షన్లు మీదవడ్డయ్. ఫ్లెక్సీల జుట్టుండి సారుకు లేకపోతే జనం గుర్తువడతరా?"

"అయితే మూడు కత్తెర్లేద్దునా?"

"గవి ఆడోళ్లకు గదరా!"

"భూమన్నా," అన్నారు రావు గారు గంభీరంగా, "ఆడోళ్లను తక్కువ జేసి మాట్లాడకు."

మహిళల మీద ఆయనకున్న గౌరవానికి నా కళ్లు చెమర్చాయి.

మూడు కత్తెర్లు పడ్డాయి. ఫోటోగ్రాఫర్ ఇత్తడి పళ్లెంలోకి తొంగి చూశాడు.

"సార్, పళ్లెం ఖాళీగ కొడుతుంది."

"జూమ్ చెయ్యి."

"చేసిన సార్. పళ్లెమే పెద్దగైంది."

భూమన్న నేలంతా వెతికాడు. కడిగిన నేల మీద ఎవరి వెంట్రుకా లేదు. అప్పుడు అతని చూపు నా బిడ్డ తల మీద పడింది.

"అబ్బ! నల్లగ, ఒత్తుగ... అచ్చం సారు జుట్టే! రా చెల్లె, ముందుగాల మీ పాపదే తీపిస్త. లైన్ల నిలవడే పనిలేదు."

"మేనమామ ఇంక రాలె అన్నా. కింద బండి పెడుతుండు. ఆయన ఒళ్లె కూసోవెట్టి తియ్యాలె గదా."

"సారు లేడా? ఊరందరికి మేనమామనే!"

రావు గారు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకున్నారు. మైసయ్య చేయి తేలిక. బిడ్డ ఏడుపు అందుకునేలోపే గుండు అయింది. పళ్లెం నిండింది. భూమన్న దాన్ని ఎత్తుకున్నాడు.

"ఏడికి వట్కపోతున్నవ్ కొడుకా?" అని అత్త అడ్డం తిరిగింది.

"ఏడికేందవ్వా, స్వామి కాడికే."

"ఎవల పేరు మీద?"

"దేవునికి పేర్లతోని ఏం పని?"

"పేరుతోని పనిలేకపోతే గా ఫోటోలెందుకురా?"

భూమన్న ఆమె చేతిలో పులిహోర పొట్లం పెట్టాడు. ప్రజలు అడిగిందే ఆలస్యం, వెంటనే స్పందించే పార్టీ అది.

రావు గారు తలపాగా చుట్టుకొని, దాని అంచు దాకా గంధం పూసుకొని, పళ్లెం పట్టుకుని గర్భగుడి ముందు నిలబడ్డారు. పూజారి ఆయన గోత్రం, ఆయన పేరు చదివాడు. నా బిడ్డ పేరు కూడా ఒక్కసారి చదవమని అడుగుదామని నోరు తెరిచాను. డప్పులు మోగాయి.

"అత్తా, మన మొక్కు ముట్టినట్టేనా?"

"దేవునికి కండ్లుంటయి తియ్యె," అంది అత్త. నాలుగు మెట్లు దిగాక ఆగి వెనక్కి చూసింది. "గా ఫ్లెక్సీ అడ్డం లేకుంటె సూసే ఉంటడు."

తెల్లారి పేపర్లో ఫోటో వచ్చింది. 'పసిపిల్లల ఆరోగ్యం కోసం తలనీలాల త్యాగం' అని రాశారు. రావు గారి ముఖం వెలిగిపోతోంది. పళ్లెంలో ఎర్ర దారం కూడా చక్కగా పడింది.

వారం తిరక్కముందే బిడ్డకు మళ్లీ జ్వరం. ఒళ్లు పెనంలా కాలుతోంది. దవాఖానకు ఉరికాను. పిల్లల డాక్టరు గదికి కొత్త బోర్డు ఉంది. లోపల కొత్త కుర్చీ ఉంది, దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. కుర్చీ వెనుక గోడకు ఆ పేపరు ఫోటోను అద్దం కట్టించి తగిలించారు.

"డాక్టర్ సారేడక్కా?"

కృపారాణి అప్పటికే తడిగుడ్డ పిండుతోంది. "ఇంక రాలె చెల్లె. ఆటోకు ఫోన్ చేసిన, జల్ది జగిత్యాలకు తీస్కపో. నేను ప్రార్థన చేస్త, నువ్వు మొక్కుకో. మా కాడ గీ రెండే ఉన్నయి."

ఆటో కదిలింది. బిడ్డను ఒడిలో వేసుకొని గుట్ట దిక్కు తిరిగాను.

"స్వామీ, గీ ఒక్కసారి బతికించు. దీని వెంట్రుకలు..."

మాట ఆపి దాని నెత్తి నిమిరాను. అరచేతికి నున్నగా తగిలింది.