పచ్చ కడ్డీని గీకిందెవరు?

“ఒరేయ్ షౌకీ, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదురా. ఇవాళ మా అబ్బాయి వగీహ్ ఉద్యోగం పోతుంది. పోతే దిగులుతో జ్వరం వస్తుంది. వాడికి వస్తే టైఫాయిడే వస్తుంది.”

మా తమ్ముడు షౌకీ ఇరవై ఏళ్ళు ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసి, రిటైరైన మర్నాడే డిటెక్టివ్ అయిపోయాడు. ఎవరూ అవ్వమనలేదు.

“అక్కా! నేరస్థుడు తుమ్మితే రుమాలు నా జేబులో తడుస్తుంది. అలెగ్జాండ్రియాలో నేనుండగా నీకు భయమా?”

“నువ్వున్నావనేరా.”

మా ఇంటి ఎదురుగా పాత సముద్రపు గోడకి జనం కూర్చోవడానికి అరుగు కడుతున్నారు. గోడకి కన్నాలు వేసి, దుమ్ము ఊది, జిగురు నింపి, అరుగుని మోయడానికి పచ్చపూత పూసిన ఇనుప కడ్డీలు గుచ్చారు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఆ పూత. మా వగీహ్ అక్కడ సూపర్‌వైజరు. పొద్దున చూస్తే ఒక కడ్డీకి కన్నం దగ్గర పూత గీకేసి ఉంది. “గీకినవాడు మధ్యాహ్నానికల్లా ఇంటికి పోతాడు,” అంది ఇంజనీరమ్మ ఇన్సాఫ్. అప్పట్నించీ మావాడు నోరు విప్పలేదు. ఫలాఫెల్ వడల పొట్లం పట్టుకుని నేనూ అక్కడే నిలబడ్డాను.

షౌకీ వంగి గీకిన చోట నాకాడు.

“ఉప్పు! హంతకుడు సముద్రంలోంచి వచ్చాడు!”

“సముద్రం పక్కన ఉప్పు కాక పంచదార ఉంటుందా? అయినా చచ్చిందెవర్రా?”

“ఇంకా ఎవరూ చావలేదు. అదే నా అనుమానం. వాడు మళ్ళీ వస్తాడక్కా. ఉచ్చు పన్నుతా.”

లావుపాటి తాడు తెచ్చాడు. ఒక కొస గీకిన కడ్డీకీ, దాని పక్క కడ్డీకీ కలిపి చుట్టాడు. రెండో కొస “కదలని ఇనుప స్తంభానికి” కట్టాడు. అది చేపల లారీ వెనక బంపరని చెప్పేలోపే డ్రైవరు నమాజు ముగించుకొచ్చి బండి తీశాడు.

“ఆపవయ్యోయ్!” అని అరిచాను. ఎవరి కాలు పోతుందో, ఎవరి కన్ను పోతుందో!

ఢామ్మంది. బంపరు ఊడి రోడ్డు మీద పడింది. షౌకీ లారీలోంచి జారిన రొయ్యల బుట్టలో పడ్డాడు. గీకిన కడ్డీ ఇసుమంతైనా కదల్లేదు. పక్క కడ్డీ మాత్రం నున్నగా ఊడొచ్చింది, దాని పచ్చతోలు కన్నంలోనే ఉండిపోయింది, నానబెట్టిన చిక్కుడు గింజ పొట్టు వదిలినట్టు.

ఇన్సాఫ్ కన్నంలోకి టార్చి వేసి చూసింది. ఆవిడ మొహం పాలిపోయింది.

“జిగురు పూతనే పట్టుకుంది, పూత ఇనుముని పట్టుకోలేదు. దీని మీద పిల్లలు కూర్చునేవాళ్ళు! పని ఆపండి. నలభై కడ్డీలూ లాగి చూడాలి. గీకినవాణ్ణి పంపించను. దగ్గరుండి పరీక్ష చేయించాల్సింది వాడే. ఎవరు?”

రొయ్యల్లోంచి ఒక చెయ్యి లేచింది. “ఆ మహామేధావి...”

“మీరు కాదు.”

  ఫలాఫెల్ నా చేతిలో చల్లారిపోయింది. ఇదంతా దొంగని పట్టే ఎత్తేమోనని నా భయం.

చివరికి మా వగీహ్ ముందుకొచ్చాడు.

“నేనే మేడమ్. ఊడుతుందేమోనని భయమేసి ఒకటి గీకి గుచ్చాను. చెప్పడానికి ఇంకా భయమేసింది. అంతా మా అమ్మ పోలిక.”