మూడు గీతల రైల్వే చెంచా

ఆ ఉదయం దివాకర్ ఆలోచన చాలా చిన్నది. అనంతపురంలో పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్న కృపాకుమారి ధర్మవరం వస్తుంది. అతను తన చెంచా చూపిస్తాడు. ఆమె ఒప్పుకుంటే ప్రదర్శనలో దాని పక్కన "గుర్తించినవారు: దివాకర్" అని అట్ట పెడతారు. పట్టుచీరల అంగట్లో కూర్చుని తత్త్వశాస్త్రం చదివే మనిషికి లోకం నుంచి కావలసింది అంతే: ఒక్క విషయంలోనైనా తన మాట నిజమని ఎవరైనా అనడం. ఇంట్లో ఆ అలవాటు లేదు.

చెంచా గుంతకల్లులో పాతసామాన్ల వాడి దగ్గర దొరికింది. కాడ వెనుక తయారీదారు ముద్ర, రైల్వే అక్షరాలు, వాటి కింద ఒక కొసన కలిసే మూడు గీతలు. అది బాణం మొన. బ్రిటిషు సైన్యం తన సామాను మీద వేసుకున్న గుర్తు. రైల్వే చెంచా సైన్యం చేతికి వెళ్లిందంటే అది రెండో ప్రపంచయుద్ధ కాలం. తర్కంలో లోపం లేదు. లోపమల్లా దాన్ని వంటింటి గూట్లో పెట్టడంలో ఉంది.

అతను స్నానం చేసి వచ్చేసరికి చెంచా పసుపు కుంకుమలతో దేవుడి పటం ముందు ఉంది.

"స్వామి నామముండే చెంచాను ఉప్పుడబ్బా పక్కన పెడ్తావేమిరా?" అంది తల్లి హనుమంతమ్మ. ఆమె దాన్ని కాడ రెండో కొస నుంచి చూసింది.

"నామం కాదమ్మా, బాణం. తిప్పి చూడు."

"దేవుణ్ణి తలకిందులు చేసి చూడమంటావా?"

ఇంతలో పక్కింటి ఆంజినమ్మ ఆ చెంచాతో తీర్థం పుచ్చుకుంది. నిద్ర లేచినప్పటి నుంచి వేధిస్తున్న ఎక్కిళ్లు ఆగిపోయాయి. నీళ్లు తాగితే ఎక్కిళ్లు ఆగుతాయన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కాసేపటికి గుమ్మం ముందు జనం వరస కట్టారు.

"అది సైన్యం బాణం, అక్కా!" అన్నాడు దివాకర్.

"బాణమైతే రాములవారిదే గదప్పా!" ఆంజినమ్మ చెంపలు వేసుకుంది. "ఇంగ అనుమానమేముండాది?"

"రైల్వేది!"

"రైలోళ్లకు దేవుడు లేడా?"

అతని ప్రతి వివరణా వరసను పొడిగించింది. కృపాకుమారి వచ్చి లోపలికి రాబోతే జనం ఆపారు. "మేమంతా పనిలేక నిలబడినామా? ఎనక్కి పోమ్మా." ఆమె వరసలో నిలబడి, తీర్థం పుచ్చుకుని, అప్పుడు భూతద్దం తీసింది. దివాకర్ బాణం మొన పైకి వచ్చేలా చెంచా అందించాడు.

"సైన్యం బాణాన్ని అచ్చుతో కొడతారు, దివాకర్ గారూ. ఇది ఎవరో మొలతో గీసినారు. నామమే. పైగా ఈ ముద్ర వేసిన కంపెనీ యుద్ధానికి ముందే మూతపడింది."

బాణం, సైన్యం, యుద్ధం కలిసికట్టుగా దివాకర్ ఇంటి నుంచి వెళ్లిపోయాయి. హనుమంతమ్మ ముఖం వెలిగింది.

"నేను చెప్పలేదా? స్వామిదే!"

"స్వామిది కాదమ్మా," అంది కృపాకుమారి. "స్టేషన్లో ఎవరో వైష్ణవ వంటాయన గీసుకునుంటాడు. మాంసం కూరల చెంచాలతో కలిసిపోకుండా గుర్తు."

"మాంసమా? ఆ వంటింట్లోనేనా?"

తీర్థం తాగినవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. హనుమంతమ్మ చెంచాను కొంగుతో పట్టుకుని కృపాకుమారి సంచిలో వేసింది. "ఎత్తుకొని పో తల్లీ, పుణ్యముంటాది!"

ప్రదర్శనలో ఆ చెంచాకు మంచి చోటే దొరికింది. పక్కన అట్ట: "రైల్వే చెంచా, యుద్ధానికి ముందు కాలం. నామాన్ని గుర్తించినవారు: హనుమంతమ్మ, ధర్మవరం."

దివాకర్ దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఒక పెద్దమనిషి హడావిడిగా అతని దగ్గరికే వచ్చాడు.

"ఏమన్నా, మూత్రశాల యాడుండాది?"

దివాకర్ చెయ్యి చూపించాడు. ఆయన ఆధారాలేమీ అడగకుండా నమ్మేశాడు.